ఏ పట్టణమున బస చేయవలెను?

పాఠ్యభాగములు: రూతు 2వ అధ్యాయము, 2 రాజులు 4:8–11, లూకా 10:5–8, యోహాను 4:39–42



కోతపండుగ ముగిసిన మరుసటి ఆదివారము, ఆరాధనయైన తరువాత, మా సంఘములోని ఒక సహోదరి మా యింటికి వచ్చినది. ఎం.ఏ., బి.ఎడ్. చదివి, రెండేండ్లుగా ఒక పాఠశాలలో ఇంగ్లీషు చెప్పుచున్న బిడ్డ. చేతిలో ఒక కాగితమున్నది. "అయ్యగారూ, నాకొక సిఫారసు ఉత్తరము కావలెను. పాలస్తీనాకు పోయి మూడు నెలలుండి, అక్కడి పిల్లలకు ఇంగ్లీషు చెప్పి, అరబీ నేర్చుకొని, ఎవరి యింటనైనా వారితోపాటు ఉండి రావలెనని నా ఆశ. ఏ ఊరైతే మంచిదో మీరే చెప్పండి" అన్నది.

మేము ఆలోచింపకయే "బేత్లెహేము" అంటిమి. క్రైస్తవుని నోటికి మరియొక ఊరు వచ్చునా? ఆ బిడ్డ సంతోషించి, "మీరు చూచి వచ్చినారు గదా అయ్యగారూ, అక్కడ ఎవరి యింటనైనా ఉండవచ్చునా? మీకు తెలిసినవారున్నారా?" అని అడిగినది. ఆ ప్రశ్నకు మాయొద్ద జవాబు లేదు. లేకపోవుటకు కారణము చెప్పుకొనవలసియున్నది.

కొన్ని ఏండ్ల క్రిందట మేమును పదిమందితో కలిసి పరిశుద్ధదేశ యాత్ర చేసితిమి. ఎనిమిది దినముల యాత్రలో బేత్లెహేమునకు దొరికినది రెండు గంటలు. బస్సు దిగితిమి, క్రీస్తు జననాలయపు చిన్న ద్వారమున వంగి లోపలికి పోతిమి, నక్షత్రపు గుర్తును ముట్టుకొంటిమి, ఒలీవకఱ్ఱ ఒంటెలు కొనుటకు ఒక అంగడికి పోతిమి. అంగడి పెద్దాయన మేము క్రైస్తవులమని విని, తానును క్రైస్తవుడనేనని చెప్పెను. "మీవారు ఎప్పుడు రక్షణలోనికి వచ్చిరి? ఏ మిషనువారు వచ్చిరి?" అని మేమడిగితిమి. ఆయన నవ్వి, "పెంతెకొస్తు దినమున" అనెను. అటుపిమ్మట కుర్చీ లాగి, కూర్చుండి కాఫీ త్రాగి పొమ్మనెను. అంతలో బస్సు హారను మ్రోగెను. మేము కూర్చుండలేదు. ఆయన పేరైనను అడుగలేదు. ఇంటికి వచ్చి ఆరు నెలలపాటు ఆ యాత్రనుగూర్చి ప్రసంగములు చేసితిమి!

పెంతెకొస్తు దినమున యెరూషలేములో తమ తమ భాషలలో దేవుని గొప్పకార్యములను విన్నవారి జాబితా చివర, అపొస్తలుల కార్యములు 2:11లో, అరబీయులును ఉన్నారు. మనము ఆ వచనమును ఏటేట చదువుచునేయున్నాము. అయినను పాలస్తీనాలో అరబీ మాటలాడు క్రైస్తవులున్నారనగా మన గ్రామములలో నూటికి తొంబదిమంది ఆశ్చర్యపడుదురు. గాజా, పడమటి గట్టు రెండును కలిపి 2017 జనాభా లెక్కలో వారు రమారమి 47 వేలమంది. గ్రీకు ఆర్థడాక్సువారు, లాటిను కతోలికులు, మెల్కైటులు, సిరియనులు, ఆర్మేనియనులు, లూథరనులు, ఆంగ్లికనులు అందులోనివారే. 2010 నుండి 2017 వరకు లోక లూథరను సమాఖ్యకు అధ్యక్షులుగానున్న మునీబ్ యూనాన్ బిషప్పుగారు పాలస్తీనా అరబీయులే. గుంటూరు లూథరను సంఘము ఆ సమాఖ్యలోనిదే గనుక, ఒకప్పుడు మనవారికి పెద్దగా కూర్చున్నది ఆ దేశపు బిడ్డయని చెప్పవచ్చును.

కాబట్టి ఆ సహోదరితో, "అమ్మా, ఒక నెల గడువియ్యి. మేమును చదివి తెలిసికొని చెప్పెదము" అంటిమి. ఆ నెలలో తెలిసికొన్నదే ఈ పాఠము.

బసనుగూర్చి ప్రభువు మాట

ప్రభువు డెబ్బదిమందిని ఇద్దరిద్దరిగా పంపినప్పుడు వారు ఏమి బోధింపవలెనో చెప్పినది కొద్ది. ఏలాగు బస చేయవలెనో చెప్పినది ఎక్కువ. ఇంట ప్రవేశించునప్పుడు మొదటి మాట సమాధానపు మాట కావలెను. పెట్టినది తినవలెను. ఒక యింటనే నిలువవలెను గాని ఇల్లిల్లు తిరుగరాదు. ఈ మూడవది మనము చదివి దాటిపోవుదుము. మంచి భోజనము, మెత్తని పడక దొరకునేమోయని నాలుగు దినములకొక యిల్లు మార్చువాడు ఏ యింటికిని చెందినవాడు కాడు; వాని భాషయు కుదురుకొనదు. మూడు నెలలున్నవాడు మూడు పట్టణములు చూచుటకంటె ఒక యింటి పిల్లల పేర్లు, ఆ యింటి అవ్వ మోకాలినొప్పి, ఆ వీధి రొట్టెలవాని కేక తెలిసికొనుట మేలు.

షూనేమీయురాలు ఎలీషాకు మిద్దెమీద చిన్న గది కట్టించి మంచము, బల్ల, పీట, దీపము పెట్టించినది. ఎలీషా ఆ గదిలో ఊరకుండలేదు, ఆమెకు ఏమి చేయవలెనని అడిగెను. ఈ దినములలో పాలస్తీనాలో విదేశీయులను ఇంట ఉంచుకొనువారు వారమునకో నెలకో ఇంత అని తీసికొందురు. ఇది తప్పని మనవారికి తోచవచ్చును, తప్పు కాదు. 2023 అక్టోబరు 7 నాటి దాడియు, అటుపిమ్మట గాజాలో జరిగిన యుద్ధమును మొదలైన తరువాత యాత్రికులు రాక నిలిచిపోగా, బేత్లెహేములో సత్రములమీదను ఒలీవకఱ్ఱ పనిమీదను బ్రదుకుచున్న కుటుంబములకు రాబడి పోయెను. 2023లోను 2024లోను ఆ ఊరు క్రిస్మసు ఉత్సవములు మానుకొని ప్రార్థనలతోనే పండుగ గడిపినది. అట్టివారి యింట అన్నము తిని డబ్బియ్యకుండుటయే అవమానము.

రూతు కథను ఈ సందర్భమున మరల చదువవలెను. ఆమె మోయాబు స్త్రీ, పరదేశి. బేత్లెహేమునకు ఉపకారము చేయుటకు పోలేదు. పొలములో పరిగె ఏరుకొనుటకు పోయినది. బోయజు ఆమెను వేరొక పొలమునకు పోవద్దనియు, తన పనికత్తెలతోనే ఉండుమనియు చెప్పెను. స్వచ్ఛంద సేవకు పోవువారు చాలమంది బోయజులమని తలంచుకొని బయలుదేరుదురు. అక్కడ దిగినపిమ్మట నీళ్ళు ఎక్కడ పట్టుకొనవలెనో, ఏ దారిన పోరాదో తెలియక, తామే పరిగె ఏరుకొనువారమని గ్రహింతురు. మన తెలుగుదేశమునకు 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డే గ్రాంజి దొరలుగాని, 1841లో మచిలీపట్టణమున దిగిన నోబుల్, ఫాక్సు దొరలుగాని, 1842లో గుంటూరు చేరిన హేయరు అయ్యగారుగాని మొదట చేసిన పని ఏమి? తెలుగువారియొద్ద కూర్చుండి అ ఆ లు దిద్దుట. (తరువాత వచ్చిన వారిలో కొందరు బంగళా గోడ ఎత్తుగా కట్టుకొని కూర్చుండిరి, ఆ సంగతి వేరు.)

భాష సంగతి

అరబీకి 28 అక్షరములు. కుడినుండి ఎడమకు వ్రాతురు. "ప" అక్షరము లేదు. గొంతు లోపలినుండి పలుకవలసిన "అయిన్" అను అక్షరమొకటి మన నాలుకకు కష్టము. అయితే మన గ్రామస్థులకు సంతోషమైన మాట ఒకటి: మనకు అరబీ మాటలు ముందే వచ్చును! జిల్లా, తాలూకా, వకీలు, జవాబు, తారీఖు, హక్కు, అసలు, వసూలు, ఖాళీ—ఇవన్నియు నవాబుల కచేరీలద్వారా మన నోటికి వచ్చిన అరబీ మాటలే. అన్నిటికంటె మాకు ముద్దుగా తోచినది "రైతు" అను మాట. అరబీలో "రయియ్య" అనగా మంద, ఏలికక్రింది ప్రజ. అదే ధాతువునుండి వచ్చిన "రాయీ" అనగా కాపరి; అరబీ బైబిలులో 23వ కీర్తనయందు ప్రభువును పిలిచిన మాట అదియే. పొలమున దున్నువానిని మనము ఇన్ని తరములుగా కాపరికింది గొఱ్ఱె అని పిలుచుచు ఎరుగకయుంటిమి.

అరబీ క్రైస్తవులు దేవుని "అల్లాహ్" అనియే పిలుతురు. ఈ మాట మేము సంఘపెద్దల కూటములో చెప్పినప్పుడు ఒక పెద్ద కుర్చీలోనుండి లేచెను. ఎలీ స్మిత్తు దొరగారు మొదలుపెట్టగా వాన్ డైకు దొరగారు 1865లో బేరూతులో ముగించిన ప్రొటెస్టంటు బైబిలులోకూడ ఆ మాటయే యున్నది. ఆ దేశములో దేవునికి అదే పేరు. ఇది వినిన తరువాత ఆయన కూర్చుండెను గాని, ముఖము మాత్రము ఇంకను సమాధానపడలేదు.

మరియొకటి. అరబీలో వ్రాతభాష వేరు, నోటిభాష వేరు. ఇది మనకు క్రొత్తకాదు: మన బైబిలు తెలుగు ఒకటి, మనము కళ్ళములో మాటలాడుకొను తెలుగు ఒకటి. వ్రాతభాషను "ఫుస్హా" అందురు, నోటిభాషను "ఆమియ్య" అందురు. పుస్తకపు అరబీ మాత్రము నేర్చినవాడు బజారులో ఉల్లిపాయలు బేరమాడిన యెడల, మన సంతలో ఎవడైన గ్రంథభాషలో బేరమాడినట్లుండును. నోటిభాషయు ఊరూరికి మారును. కాఫీని పట్టణమువారు "అహ్వె" అందురు, పల్లెవారిలో అనేకులు "కహ్వె" అందురు, ఎడారి బెదూయినులు "గహ్వె" అందురు. కృష్ణాజిల్లా మాటకును కరీంనగరు మాటకును ఉన్నంత తేడా. కాబట్టి ఏ పట్టణమున బస చేయుదుమో ఆ పట్టణపు నాలుకయే మనకు వచ్చును.

పట్టణములు

పుస్తకపు చదువే ప్రధానమనుకొనువారికి బీర్జైటు మంచిది. అది రామల్లాకు ఉత్తరమున కొండలమీది చిన్న ఊరు. 1924లో నబీహా నాసిర్ అను ఆమె మొదలుపెట్టిన బాలికల బడియే పెరిగి 1975లో విశ్వవిద్యాలయమైనది. విదేశీయులకు ఫుస్హాయు పాలస్తీనా నోటిభాషయు రెండును నేర్పు విభాగము అక్కడ ఉన్నది. ఏ తరగతులు ఎదుట కూర్చుండి జరుగుచున్నవో, ఏవి దూరమునుండి జరుగుచున్నవో ముందుగా వ్రాసి అడిగి తెలిసికొనవలెను. 2023 తరువాత ఆ దేశములో చదువులు అనేకమారులు అట్లు మారవలసివచ్చెను. పక్కనున్న రామల్లాలో పాలస్తీనా అధికారసంస్థ కార్యాలయములు, మన భారతదేశపు ప్రతినిధి కార్యాలయము ఉన్నవి. వసతి ఎక్కువ, ఖర్చును ఎక్కువ, ఇంగ్లీషును ఎక్కువ. అక్కడ అరబీ నేర్వకయే సంవత్సరము గడుపవచ్చును.

నాబ్లుసు మన బైబిలులోని షెకెము. గెరిజీము, ఏబాలు కొండల నడుమ ఉన్నది. యాకోబు బావి నేటికిని అక్కడ గ్రీకు ఆర్థడాక్సు ఆలయములో ఉన్నది. సమరయులు నేటికిని గెరిజీముమీద పస్కా గొఱ్ఱెపిల్లలను వధింతురు. లోకమంతటిలో వారు సుమారు ఎనిమిది వందలమంది మాత్రమే. యోహాను 4వ అధ్యాయములో ప్రభువు దాహమునకు నీళ్ళడిగిన ఊరు ఈ చెంతనే. యూదులు సమరయులతో సాంగత్యము చేయని ఆ కాలమున ఆయన వారి వేడుకోలు విని రెండు దినములు వారియొద్ద బస చేసెను. ఎవరి యింట తినెనో, ఏమి పెట్టిరో యోహాను వ్రాయలేదు. మాకు మాత్రము తెలిసికొనవలెనని ఎంతో ఆశ. ఒలీవనూనె సబ్బునకును, వేడివేడి జున్నుమీద సేమ్యావంటిది పరచి పాకము పోసిన "కునాఫె" అను మిఠాయికిని ఆ ఊరు పేరుపొందినది. వీధిలో ఇంగ్లీషు తక్కువ గనుక అరబీ త్వరగా వచ్చును. అన్నజాహ్ విశ్వవిద్యాలయములో విదేశీయులకు అరబీ నేర్పుదురు. మా హృదయము ఈ ఊరిమీదనే పోయినది. అయితే 2022, 2023 సంవత్సరములలో పాతపట్టణములో ఇశ్రాయేలు సైన్యపు దాడులు జరిగి అనేకులు చనిపోయిరి. ఊరినుండి వెలుపలికి పోవు దారులు ఎప్పుడు మూయబడునో తెలియదు. ఇంకను ఉత్తరమున జెనీను ఊరి శిబిరమును 2025 జనవరిలో సైన్యము ఖాళీ చేయించెను. ఆ తట్టుకు ఆ కాలమున బిడ్డను పంపుటకు మేము చేవ్రాలు చేయము.

హెబ్రోనును అరబీలో "అల్ ఖలీల్" అందురు, అనగా స్నేహితుడు. అబ్రాహాము దేవుని స్నేహితుడనబడెనని యాకోబు పత్రిక చెప్పుచున్నది గదా. ఊరికి ఆయన పేరే పెట్టుకొనిరి. పరదేశియైన అబ్రాహాము ఆ దేశపు ప్రజలయెదుట లేచి వంగి, నాలుగువందల తులముల వెండి తూచి, మక్పేలా పొలమును కొనిన చోటది. ఆ గుహమీదనే నేడు మసీదును యూదుల ప్రార్థనాస్థలమును గోడ చాటున గోడగా ఉన్నవి. 1929లో అక్కడ 67 మంది యూదులు చంపబడిరి. ముస్లిము పొరుగువారు దాచగా మరికొందరు బ్రదికిరి. 1994లో ఒక యూదు సెటిలరు మసీదులో ప్రార్థించుచున్నవారిని 29 మందిని కాల్చి చంపెను. 1997 ఒప్పందముతో ఊరు రెండు భాగములైనది. అయిదింట నాలుగువంతులు పాలస్తీనా అధికారుల క్రింద, ఒక వంతు సైన్యముక్రింద. ద్రాక్షలు, గాజుపని, పింగాణి, మంచి ఆతిథ్యము—అన్నియు ఉన్నవి. ఇంగ్లీషు నేర్పువారు కావలెనని కోరుచు, అరబీ నేర్పుచు, ఇండ్లలో బస చూపించు సంస్థయు ఉన్నది. క్రైస్తవులు దాదాపు లేరు.

ఈ మాటవద్ద మా పెద్దల కూటములో పెద్ద వాదము పుట్టెను. "క్రైస్తవ పిల్లను సాహెబుల యింట ఉంచుటయా?" అని ఇద్దరు గట్టిగా మాటలాడిరి. గాలివానకు మన చర్చి రేకులు ఎగిరిపోయిన రాత్రి మన ముసలివారిని, పసిపిల్లలను ఎవరి వరండాలో పడుకొనబెట్టితిమి అని మేమడిగితిమి. మసీదు వీధివారు తెల్లవారుజామున కాచిన టీ త్రాగినవారు ఆ కూటములోనే కూర్చుండియున్నారు. ఇక ఎవరును మాటలాడలేదు. ఇంట పెద్దవారుండుట, ఆడపిల్లలుండుట, మునుపు ఆ యింట ఉండి వచ్చినవారి మాట, ఇవి చూడవలెను గాని పేర్లు మాత్రము చూడరాదు.

ఇక బేత్లెహేము. యెరూషలేమునకు దక్షిణమున పది కిలోమీటర్లలోపే. కొండమీద మూడు ఊళ్ళు ఒకదానినొకటి ఆనుకొనియున్నవి: బేత్లెహేము, బేత్ జాలా, బేత్ సాహూరు. ఎనిమిది మీటర్ల ఎత్తు సిమెంటు గోడ ఊరి అంచున నిలిచియున్నది. దాని కట్టుబడి 2002లో మొదలైనది. దెయిషె, ఆయిదా అను శిబిరములలో 1948లో ఇండ్లు పోగొట్టుకొన్నవారి మనుమలు మునిమనుమలు ఉన్నారు. క్రిస్మసు అక్కడ మూడుమారులు: డిసెంబరు 25న పడమటి సంఘములకు, జనవరి 7న ఆర్థడాక్సువారికి, జనవరి 18, 19 తేదీలలో ఆర్మేనియనులకు. మన పిల్లలు విన్నయెడల అక్కడికే కాపురము పోవుదురు!

అయితే బేత్లెహేము నడిబొడ్డున యాత్రికులతో మాటలాడి మాటలాడి అందరికిని ఇంగ్లీషు వచ్చును. మన బిడ్డ "అహ్వె" అనగానే వారు "కాఫీ?" అందురు. అందుకే మేము మరి రెండు కిలోమీటర్లు దిగువకు, బేత్ సాహూరునకు దిగితిమి. గొఱ్ఱెల కాపరులకు దూత కనబడిన పొలమనియు, బోయజు పొలమనియు అచ్చటివారు చూపునది ఆ ఊరిలోనే. క్రైస్తవులు ఎక్కువగా ఉన్న ఊరు, ముస్లిములును కలిసియున్నారు. లూథరను సంఘమును దాని పాఠశాలయు ఉన్నవి.

ఆ ఊరివారి సంగతి మన పాడిరైతులు వినదగినది. 1988లో వారు సైనికపాలనకు పన్ను కట్టుట మానుకొని, ఇశ్రాయేలు పాలు కొనక, పద్దెనిమిది ఆవులను తెచ్చుకొని తమ పాలు తామే పితుకుకొనిరి. ఆ ఆవులు దేశభద్రతకు అపాయమని సైన్యము చెప్పెను! ఊరివారు వాటిని ఒక కొట్టమునుండి మరియొక కొట్టమునకు దాచుచు వచ్చిరి. 1989లో సైన్యము ఊరిని వారములకొలది చుట్టుముట్టి, పన్నుక్రింద ఇండ్లలోని సామానులు, అంగళ్ళలోని పనిముట్లు తీసికొనిపోయెను. రాయి ఎత్తక, పన్ను కట్టక నిలిచిన ఆ కథ మన ఉప్పు సత్యాగ్రహమును ఎరిగినవారికి దగ్గరగా తోచును.

అక్టోబరు, నవంబరు నెలలలో ఒలీవల కోత. చెట్టుక్రింద పట్టాలు పరచి చేతితో దూసి, గానుగకు తీసికొనిపోవుదురు. అప్పుడు మనుష్యులు కావలెను. భాష రానివారికికూడ పని దొరకును, పనిలో భాషయు వచ్చును. అయితే కాలనీలు దగ్గరగానున్న తోటలలో కోతకాలమున సెటిలర్ల దాడులు 2023 తరువాత ఎక్కువైనవి. ఏ తోటకు పోవలెను, ఏ తోటకు పోరాదు అనునది ఇంటివారి మాటప్రకారమే కాని, మన ధైర్యము ప్రకారము కాదు. బోయజు రూతుకు చెప్పినది అదే గదా.

ద్వారమునొద్ద

పాలస్తీనాకు స్వంత విమానాశ్రయము లేదు. టెలవీవు దగ్గరి విమానాశ్రయమున దిగినను, యొర్దాను దేశమునుండి వంతెన దాటినను, అనుమతి ఇచ్చువారు ఇశ్రాయేలు అధికారులే. మన భారతీయులకు ముందుగా వీసా కావలెను. 2022లో పడమటి గట్టునకు పోవు విదేశీయులకు ఇశ్రాయేలు వివరమైన నియమములు పెట్టెను. చదువుకొనుటకు, స్వచ్ఛంద సేవకు వేరువేరు అనుమతులు అడుగవలెను. ఇది కష్టమని ఎరిగి చాలమంది "యాత్రకు వచ్చితిమి" అని మాత్రము చెప్పి లోపలికి పోవుదురు. ఆ సహోదరికికూడ ఎవరో అట్లే సలహా యిచ్చిరట. ఆమె మమ్ము అడిగినది.

మాకు ఇది సుళువైన ప్రశ్న కాలేదు. అనుమతి ఇచ్చువారి నియమము న్యాయమైనదా అను ప్రశ్న ఉన్నది. న్యాయము కాదని తలంచువారిని మేము తప్పుపట్టము. అయినను అబ్రాహాము ఐగుప్తు ద్వారమునొద్ద తన భార్యను చెల్లెలని చెప్పినప్పుడు తెగుళ్ళు పడినది అతనిమీద కాదు, ఫరో యింటివారిమీద. అబద్ధము చెప్పి పోయినవానిని మహా అయితే విమానమెక్కించి పంపివేయుదురు. ఆతిథ్యమిచ్చిన యింటిని వచ్చి ప్రశ్నించినయెడల, ఆ యింటివారికి ఎక్కుటకు విమానము లేదు. కాబట్టి నిజమైన కాగితముతో పొమ్మంటిమి. కాగితము రానియెడల పోవద్దంటిమి. మన ప్రభుత్వము ఆ ప్రాంతమునకు ప్రయాణము మానుకొమ్మని చెప్పిన దినములలోను పోరాదు. ఆమె ముఖము చిన్నబోయినది గాని, సరేనన్నది.

అమ్మ మాట

ఆ బిడ్డ తండ్రి ఒప్పుకొనెను. ఒప్పుకొననిది తల్లి. ఆమె తొమ్మిదేండ్లు కువాయిటులో ఇంటిపని చేసి, ఆ సొమ్ముతోనే కూతురిని చదివించినది. గోదావరి, కడప జిల్లాలనుండి అట్లు పోయిన తల్లులు వేలమంది. మేము మాటలాడుటకు పోయినప్పుడు ఆమె, "ఆ బాస నాకు వద్దు అయ్యగారూ. తొమ్మిదేండ్లు దానిలో కేకలే విన్నాను. 'జీబీ' అంటే తే, 'రూహీ' అంటే పో. అంతకు మించి నాకు చెప్పినవారు లేరు" అన్నది. కూతురు ఏమియు అనలేదు. మేమును వాదింపలేదు, వాదించుటకు మాయొద్ద ఏమున్నది? కువాయిటు మాట వేరు, పాలస్తీనా మాట వేరు అని చెప్పి వచ్చితిమి. అది ఎంత చప్పని మాటయో వీధి చివరకు వచ్చినప్పుడు తెలిసినది.

మూడు వారములైన తరువాత ప్రార్థనకు ఆ యింటికి మరల పోతిమి. లోపల కూతురు పుస్తకము ముందు పెట్టుకొని "కీఫిక్" అని చదువుచున్నది. తల్లి పొయ్యివద్దనుండి "మేము షలోనిచ్ అంటాము" అని దిద్దుచున్నది. మమ్మును చూచి కూతురు లేచి, తలుపునొద్ద అతిథులను ఏమని పిలువవలెనో పుస్తకములో దొరకలేదన్నది. తల్లి చేయి కొంగుకు తుడుచుకొని వచ్చి, గడపవద్ద నిలిచి, కుడిచేయి చాపి, "తఫద్దలీ" అన్నది. దయచేసి లోపలికి రమ్మని అర్థమట. ఆ యింటికి వచ్చిన దొరసానులతో దినమునకు పదిమారులు ఆ మాట అనుచు గహ్వా పళ్ళెము పట్టుకొని నిలుచుట తన పనియట. "నాతో మాత్రం ఎవరూ అనలేదు" అని చెప్పి, మరల పొయ్యివద్దకు పోయినది. కొంతసేపైన తరువాత అక్కడినుండియే, "ఆ బేత్ సాహూరు వాళ్ళు దీనితో అంటారా అయ్యగారూ?" అని అడిగినది.

అందురని చెప్పితిమి. కాఫీ త్రాగి పొమ్మన్న ఆ అంగడి పెద్దాయనను తలంచుకొని చెప్పితిమి.

సిఫారసు ఉత్తరము ఆ రాత్రియే వ్రాసితిమి. వీసా ఇంకను రాలేదు.